సుసాన్ కోమెన్ పుట్టిన ఊరు: పియోరియా రొమ్ము క్యాన్సర్ సేవాశాఖ చరిత్రపై చర్చ

సుధారాణి (పియోరియా, ఇల్లినాయ్)

సభ్యులందరికీ నమస్కారం. అమెరికాలో రొమ్ము క్యాన్సర్ పేరు చెప్పగానే గుర్తుకు వచ్చే సేవాసంస్థ సుసాన్ జి. కోమెన్. ఆ సంస్థ డాలస్‌లో పుట్టిందని చాలామందికి తెలుసు. అది ఎవరి పేరు మీద నడుస్తున్నదో ఆ మనిషి మాత్రం మా ఊరి ఆడపడుచు. సుసాన్ గుడ్‌మన్ (పెళ్లయ్యాక కోమెన్) 1943లో ఇల్లినాయ్ నది ఒడ్డునున్న ఈ పియోరియాలోనే పుట్టింది, ఇక్కడే పెరిగింది. 1977లో 33 ఏళ్ల వయసులో ఆమెకు రొమ్ము క్యాన్సర్ ఉన్నట్లు తెలిసింది. మొదటి శస్త్రచికిత్స ఊళ్లోనే జరిగింది. తర్వాత వ్యాధి పాకిందని తెలిసి మేయో క్లినిక్‌కు, అక్కడి నుంచి హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ ఆసుపత్రికి తిరిగినా ఫలితం దక్కలేదు. 1980 ఆగస్టులో, 36 ఏళ్లకే, ఇద్దరు పిల్లలను వదిలి వెళ్లిపోయింది. రొమ్ము క్యాన్సర్ ఇలా ఆడవాళ్లను బలి తీసుకోకుండా తన చేతనైనంత చేస్తానని చెల్లెలు నాన్సీ అక్కకు మాట ఇచ్చింది. ఆ మాటే సంస్థ అయింది.

ఈ కథను అందరూ ఇక్కడితో ఆపేస్తారు. నాకు మాత్రం ఆ తర్వాతి కథ మీదే ఎక్కువ ఆసక్తి. చందాలు పోగుచేయడానికి ఆ సంస్థ ఊరూరా పరుగు పెట్టేది, డాలస్ తర్వాత అది జరిగిన రెండో ఊరు పియోరియా. 1986లో ఇక్కడ మొదలైన రేస్ ఫర్ ది క్యూర్ ప్రతి ఏడాదీ మే నెలలో, మాతృదినోత్సవానికి ముందురోజు శనివారం జరుగుతూ వచ్చింది. ఆ పరుగు చుట్టూ స్థానిక శాఖ పెరిగింది, దశాబ్దాల పాటు పనిచేసింది, 2021 నాటికి విడి శాఖగా లేకుండా పోయింది. మావారి ట్రాక్టర్ల కంపెనీ ఉద్యోగం కారణంగా ఈ ఊరు వచ్చిన నేను ఆ పరుగులో చాలా ఏళ్లు స్వచ్ఛందంగా పనిచేశాను. ఊరి మనుషులు నడిపిన ఒక శాఖ ఏమి చేయగలిగిందో, అది పోతే ఏమి పోతుందో ఇక్కడ కలిసి రాసుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

వెంకటరమణ (డాలస్)

సుధారాణి గారూ, మంచి చర్చ మొదలుపెట్టారు. మా ఊరి వైపు కథ కొంత నేను కలుపుతాను. నాన్సీ బ్రింకర్ ఈ సంస్థను 1982లో మొదలుపెట్టినప్పుడు ఆమె చేతిలో ఉన్నవి 200 డాలర్లు, సాయం చేయగలరనుకున్న వారి పేర్లు రాసి పెట్టుకున్న ఒక చెప్పుల పెట్టె. ఇది ఆమే స్వయంగా చాలాసార్లు చెప్పిన మాట. ఆమె భర్త నార్మన్ బ్రింకర్ రెస్టారెంట్ల వ్యాపారంలో పేరున్న మనిషి కాబట్టి డాలస్ పెద్దల గడపలు ఎక్కడం ఆమెకు సాధ్యపడింది. అయినా ఆ రోజుల్లో నలుగురిలో రొమ్ము అనే మాట పలకడానికే జనం మొహమాటపడేవారు, పత్రికలు ఆ మాట అచ్చువేయడానికి వెనుకాడేవి. 1974లో అధ్యక్షుడి భార్య బెట్టీ ఫోర్డ్ తనకు రొమ్ము తొలగించారని దేశానికి బహిరంగంగా చెప్పడంతో ఆ మౌనం మొదటిసారి గట్టిగా బద్దలైంది. తర్వాతి కాలంలో ఆమె నాన్సీకి కూడా అండగా నిలిచారు.

1983లో డాలస్‌లో జరిగిన మొదటి పరుగుకు వచ్చినవారు 800 మంది. మరుసటి ఏడాదే నాన్సీకి కూడా రొమ్ము క్యాన్సర్ ఉన్నట్లు తేలింది. అక్క కోసం మొదలుపెట్టిన పనిలో తానే రోగిగా నిలబడవలసి వచ్చింది. ఆమె వ్యాధిని ముందే పట్టుకోగలిగారు, చికిత్స ఫలించింది. అక్కాచెల్లెళ్ల జబ్బు ఒకటే, నడిచిన దారులు రెండు. త్వరగా పరీక్ష చేయించుకోండి అని ఆ సంస్థ అంత పట్టుదలగా చెప్పడం వెనుక ఈ తేడా కూడా ఉందని నా నమ్మకం.

మాధవి (షికాగో)

నేను ఇరవై ఏళ్లుగా మామోగ్రాం, అంటే రొమ్ము ఎక్స్‌రే, తీసే పనిలో ఉన్నాను. ఆ శాఖ పుట్టిన కాలంలో వైద్యం ఎలా ఉండేదో కొంచెం చెబితేనే పియోరియా కథ విలువ తెలుస్తుందని రాస్తున్నాను.

హాల్‌స్టెడ్ అనే శస్త్రవైద్యుడు 19వ శతాబ్దం చివర్లో వాడుకలోకి తెచ్చిన పద్ధతిలో రొమ్ముతో పాటు దాని కింది ఛాతీ కండరాలను, చంకలోని గ్రంథులను కూడా తీసేసేవారు. 1970ల దాకా అమెరికాలో దీనిదే రాజ్యం. అంతకంటే దారుణమైన అలవాటు మరొకటి ఉండేది. గడ్డ ఉందని వచ్చిన మనిషికి మత్తు ఇచ్చి, ముక్క తీసి అక్కడికక్కడే పరీక్షించి, క్యాన్సర్ అని తేలితే ఆమెను లేపకుండానే రొమ్ము తీసేసేవారు. మెలకువ వచ్చాక కట్టు తడుముకుని చూసుకుంటే తప్ప తన రొమ్ము ఉందో లేదో ఆమెకు తెలిసేది కాదు. రోజ్ కుష్నర్ అనే పాత్రికేయురాలు, తానే రోగి అయి ఉండి, దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు. బయాప్సీ (ముక్క తీసి పరీక్షించడం) ఒక రోజు, చికిత్స నిర్ణయం ఇంకొక రోజు ఉండాలని 1979లో జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల సమావేశం తేల్చింది. గడ్డను మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చినా ప్రాణాలు అంతే బాగా నిలుస్తాయని బెర్నార్డ్ ఫిషర్ అనే శస్త్రవైద్యుడి బృందం 1985లో ప్రకటించింది. ఆ మరుసటి ఏడాదే పియోరియాలో మొదటి పరుగు జరిగింది. అంటే, రొమ్ము పోగొట్టుకోవడమొక్కటే దారి కాదు, త్వరగా వస్తే చాలు అని ఆడవాళ్లకు ధైర్యంగా చెప్పగలిగిన మొదటి రోజుల్లో ఆ శాఖ పుట్టింది.

అప్పటికి మామోగ్రాం యంత్రాలన్నిటికీ ఒకే నాణ్యత ప్రమాణం కూడా లేదు. అందుకు చట్టం వచ్చింది 1992లో. డబ్బులేని మహిళలకు ఉచిత పరీక్షల కోసం జాతీయ కార్యక్రమానికి చట్టం చేసింది 1990లో. కాబట్టి మొదటి నాలుగైదేళ్లు ఊరూరా ఈ పని స్వచ్ఛంద సంస్థల భుజాల మీదే నడిచింది.

కృష్ణవేణి (గుంటూరు)

అమ్మా సుధారాణీ, అమ్మా మాధవీ, మీరిద్దరూ రాసింది రెండుసార్లు చదివాను. నేను పదవీ విరమణ చేసిన తెలుగు టీచరును. ఆరేళ్ల కిందట నాకు కుడివైపు రొమ్ములో గడ్డ తగిలింది. నొప్పి లేదు కదా అని ఏడు నెలలు ఊరుకున్నాను. నొప్పి లేకపోవడమే ధైర్యం ఇచ్చింది, అదే మోసం చేసింది. ఆపరేషన్, ఎనిమిది కీమోలు, రేడియేషన్ అయ్యాయి. ఇప్పుడు బాగానే ఉన్నాను.

నేను అడగదలచుకున్నది డబ్బు సంగతి. పరుగు పెట్టి చందాలు పోగుచేస్తారు సరే, ఆ డబ్బు ఎక్కడికి పోతుంది? ఊళ్లో ఖర్చవుతుందా, డాలస్ పెద్దాఫీసుకు చేరుతుందా? శాఖ అన్నప్పుడు నాకు ముందుగా వచ్చే అనుమానం ఇదే.

సుధారాణి (పియోరియా, ఇల్లినాయ్)

కృష్ణవేణి గారూ, అసలు విషయం మీరే పట్టుకున్నారు. కోమెన్ శాఖల పద్ధతి ఇది: ఖర్చులు పోగా మిగిలిన డబ్బులో 75 శాతం వరకు ఆ శాఖ పరిధిలోని జిల్లాలలోనే అవగాహనకు, పరీక్షలకు, చికిత్సలో సాయానికి పోయేది. కనీసం 25 శాతం దేశవ్యాప్త పరిశోధన నిధికి వెళ్లేది. మిగతా పేరుప్రతిష్ఠలన్నిటికంటే నన్ను ఆ శాఖకు కట్టిపడేసింది ఈ ముప్పావు వంతు లెక్కే. కొన్నేళ్లకొకసారి ప్రతి శాఖా తన పరిధిలోని ప్రాంతాలను పరిశీలించి, ఏ జిల్లాలో మహిళలు వ్యాధి ముదిరిన తర్వాతే వస్తున్నారో, ఎందుకు వస్తున్నారో ఒక నివేదిక తయారుచేసుకునేది. గ్రాంట్లు ఎవరికి ఇవ్వాలన్నది దానిని బట్టే నిర్ణయించేవారు.

మా వైపు మొక్కజొన్న, సోయా చేలు కనుచూపు మేరా ఉంటాయి, ఊళ్లు దూరదూరం. బీమా లేని ఒక రైతు కుటుంబపు స్త్రీకి మామోగ్రాం ఉచితమని చెబితే సరిపోదు. ఒక పూట పని మానుకోవాలి, కారు నడిపేవారు ఉండాలి, పిల్లలను చూసేవారు ఉండాలి. ఇవన్నీ డాలస్‌లో కూర్చున్నవారికి కనిపించేవి కావు. పక్క వీధి మనిషికి కనిపిస్తాయి.

మాధవి (షికాగో)

సుధారాణి గారి మాటకు నా పనిలోంచి ఒక చిన్న ఉదాహరణ. మామూలు మామోగ్రాంలో ఏదో మచ్చ కనిపిస్తే మళ్లీ పిలిచి ఆ చోటును దగ్గరగా తీస్తాము, అల్ట్రాసౌండ్ చేస్తాము, అవసరమైతే సూదితో బయాప్సీ చేస్తారు. మొదటి పరీక్ష ఉచితంగా దొరికినా, ఈ రెండో మెట్టు దగ్గర బిల్లు చూసి వెనక్కి వెళ్లిపోయేవాళ్లను నేను కళ్లారా చూశాను. ఒకావిడ నేను చెప్పిందంతా శ్రద్ధగా విని, చేతి సంచిలోంచి చిన్న నోటుపుస్తకం తీసి, ఆ నెల ఖర్చులన్నీ అక్కడే కూడుకుని, వచ్చే ఏడాది వస్తానమ్మా అని లేచింది. స్థానిక శాఖల గ్రాంట్లు అక్కరకు వచ్చేది సరిగ్గా ఆ క్షణంలోనే. సొమ్ము పెద్దది కాకపోవచ్చు, కానీ ఆ పూట అది చేతికి అందితే ఆవిడ మళ్లీ ఆ కుర్చీలో కూర్చుంటుంది.

శ్రీనివాస్ (న్యూజెర్సీ)

చర్చ బాగుంది, కానీ ఒక వైపే సాగుతున్నదని నాకు అనిపిస్తోంది. మా వదిన ఈ జబ్బు ఎముకలకు పాకి మూడేళ్ల కిందట చనిపోయింది. గులాబీ రంగు చొక్కాలు, బెలూన్లు, గెలిచామన్న కేకలు ఆమెకు ఎంత బాధ కలిగించేవో దగ్గరుండి చూశాను. నాలుగో దశలో ఉన్నవారికి ఆ సంబరంలో చోటు లేదని ఆమె అనేది. ఆమె కోరుకున్నది పరిశోధన. పావు వంతే పరిశోధనకు అంటే ఆమె ఒప్పుకునేది కాదు.

రొమ్ము క్యాన్సర్‌కు గుర్తుగా వాడే గులాబీ రిబ్బన్ చరిత్రనూ మరిచిపోకూడదు. షార్లెట్ హేలీ అనే ఆవిడ 1990ల మొదట్లో పీచు రంగు రిబ్బన్లను ఇంట్లో తన చేతులతో తయారుచేసి, క్యాన్సర్ నివారణకు ప్రభుత్వం మరింత ఖర్చు పెట్టాలని కోరే కార్డులతో కలిపి పంచింది. ఒక పత్రిక, ఒక సౌందర్య సాధనాల కంపెనీ కలిసి ఆమె రిబ్బన్‌ను అడిగితే, వ్యాపారం చేయవద్దని నిరాకరించింది. వాళ్లు రంగు మార్చి, 1992లో గులాబీ రిబ్బన్‌ను దేశమంతా పంచారు. ఆ తర్వాత అమ్మే ప్రతి వస్తువు మీదా ఆ రంగు పడింది. కొనే ముందు ఆలోచించండి అని బ్రెస్ట్ క్యాన్సర్ యాక్షన్ అనే సంస్థ 2002లో ప్రచారం మొదలుపెట్టవలసి వచ్చింది.

ఇక 2012 సంగతి. గర్భస్రావ సేవలు కూడా అందించే ప్లాన్డ్ పేరెంట్‌హుడ్ అనే సంస్థ కేంద్రాలలో రొమ్ము పరీక్షలకు ఇస్తున్న నిధులను కోమెన్ ఆపేస్తున్నదన్న వార్త జనవరి 31న బయటికి వచ్చింది. దేశమంతా గగ్గోలు పుట్టడంతో ఫిబ్రవరి 3న నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ నాలుగు రోజుల్లో గర్భస్రావ హక్కును సమర్థించేవారూ వ్యతిరేకించేవారూ కూడా దూరమయ్యారు. మరుసటి ఏడాది ఆ సంస్థ తన మూడు రోజుల నడకలను 14 నగరాల నుంచి 7కు తగ్గించుకుంది. పెద్దాఫీసు తప్పుకు ఊరి శాఖ ఎందుకు మూల్యం చెల్లించాలి?

వెంకటరమణ (డాలస్)

శ్రీనివాస్ గారూ, మీ వదిన గారి విషయం చదివి మనసు కలుక్కుమంది. మీ ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు ఇది. పేరు ఒకటైతే పరువూ ఒకటే అవుతుంది. శాఖకు ఆ పేరే బలం, ఆ పేరు లేకపోతే చందా అడగడానికి వెళ్లినప్పుడు తలుపు తెరుచుకోదు. అందుకే ఆ పేరుకు దెబ్బ తగిలినప్పుడు, నిర్ణయంలో ఏ పాత్రా లేని ఊరి మనుషులు ఫోన్ల దగ్గర కూర్చుని సమాధానం చెప్పుకోవలసి వచ్చింది. అది న్యాయం కాదు. పరిశోధన విషయంలో మాత్రం ఒక మాట: సంస్థ మొత్తం మీద పరిశోధనకు పెట్టినది వంద కోట్ల డాలర్లు దాటింది. శాఖలన్నీ పంపిన పావు వంతులు కూడా అందులో ఉన్నాయి.

సుధారాణి (పియోరియా, ఇల్లినాయ్)

శ్రీనివాస్ గారూ, మీరు చెప్పినదానిలో నేను కాదనగలిగింది తక్కువ. సంబరం గురించి మీ వదిన గారు అన్న మాట నిజమని ఒప్పుకుంటూనే, నేను చూసిన ఒక ఉదయం గురించి రాస్తాను.

పరుగుకు వచ్చేవారికి వీపు మీద అతికించుకోవడానికి ఒక గులాబీ రంగు కాగితం ఇచ్చేవారు. ఎవరి జ్ఞాపకార్థం నడుస్తున్నారో, ఎవరి ఆరోగ్యానికి సంతోషిస్తూ నడుస్తున్నారో వారి పేరు అందులో రాసుకోవాలి. ఆ కాగితాలు పంచే బల్ల దగ్గర నా పని. మే నెలే అయినా ఉదయం చలి ఉంటుంది, మార్కరు పట్టుకుంటే వేళ్లు వంగేవి కావు. ఒక ఏడాది నా కాగితం మీద మా అత్తగారి పేరు తెలుగులో రాసుకున్నాను. ఎనభై ఏళ్లు దాటిన ఒక తెల్లావిడ ఆ అక్షరాలను వేలితో మెల్లగా తడిమి, ఇవి ఏ భాషవని అడిగింది. చెప్పాను. ఆవిడ కాగితం మీద కూతురి పేరు, కింద మనుమరాలి పేరు ఉన్నాయి. రెండూ జ్ఞాపకార్థమే. ఆ రోజు ఆవిడ పక్కన నడిచాను, మేమిద్దరం ఎక్కువ మాట్లాడుకోలేదు. గెలుపు కేకల మధ్యనే ఇలా నడిచేవారూ ఉండేవారు, వారికోసం కూడా ఆ శాఖ ఉండేది.

ఇక ముగింపు గురించి. ఒకప్పుడు కోమెన్‌కు దేశంలో వందకు పైగా శాఖలు ఉండేవి, ఒక్కొక్కటి తన పాలకమండలితో, తన లెక్కలతో నడిచేది. 2020లో సంస్థ ఈ శాఖలన్నిటినీ రద్దు చేసి ఒకే జాతీయ సంస్థగా మారుతున్నట్లు ప్రకటించింది. ఆ ఏడాదే కొవిడ్ వచ్చి పరుగులన్నీ ఎవరి ఇంటి దగ్గర వారు నడిచేవిగా మారిపోయాయి. 2021 నాటికి మార్పు పూర్తయింది. రోగులకు ఫోనులో సలహా, డబ్బు సాయం, చికిత్సలో దారి చూపే సేవ ఇప్పుడు దేశమంతటికీ ఒక్కచోటు నుంచే నడుస్తున్నాయి. శాఖ అంటూ లేని ప్రాంతంలోని మహిళకు ఇది మేలే చేసింది, ఆ మాట నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. కానీ ఏ జిల్లా మహిళలు ఎందుకు ఆలస్యంగా వస్తున్నారని ఊళ్లో పదిమంది ఒక బల్ల చుట్టూ కూర్చుని వాదించుకున్న ఆ సమావేశాలు మళ్లీ రాలేదు. సుసాన్‌కు మొదటి ఆపరేషన్ జరిగిన ఊళ్లోనే, ఆమె పేరుతో, ఆ బల్ల ముప్పై ఏళ్లకు పైగా ఉంది. నా బాధ దాని గురించే.

అరుణ (హైదరాబాద్)

ఇక్కడి అనుభవం కూడా ఒకటి జోడించడం సందర్భోచితమనుకుంటాను. హైదరాబాద్‌లో డాక్టర్ పి. రఘురామ్ గారు 2007లో తమ తల్లి పేరు మీద ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్ స్థాపించారు. ఆమె గైనకాలజిస్టు, 2002లో ఆమెకు ఈ వ్యాధి వచ్చింది. అక్కడ అక్క పేరు మీద సంస్థ పుడితే ఇక్కడ అమ్మ పేరు మీద పుట్టింది. 2012 నుంచి 2016 వరకు రెండు తెలుగు రాష్ట్రాల పల్లెల్లో వారు పెద్ద పరీక్షా కార్యక్రమం నడిపారు. అందులో యంత్రాలు కాదు, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు చేతితో చేసే పరీక్షే ప్రధానం. అనుమానం ఉన్నవారిని పై పరీక్షలకు పంపి, వ్యాధి తేలినవారికి ఆరోగ్యశ్రీ కింద చికిత్స అందేలా చూశారు.

చేతితో చేసే పరీక్ష వల్ల ప్రయోజనం ఉంటుందా అని చాలామంది అడుగుతారు. ముంబయిలో టాటా మెమోరియల్ వారు 1998లో మొదలుపెట్టి 1,51,538 మంది మహిళలతో 20 ఏళ్ల పాటు అధ్యయనం చేశారు. శిక్షణ పొందిన కార్యకర్తలు రెండేళ్లకొకసారి చేతితో పరీక్షించిన ప్రాంతాలలో, 50 ఏళ్లు దాటిన మహిళల మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయని 2021లో ప్రచురించారు.

మాధవి (షికాగో)

అరుణ గారూ, ఆ అధ్యయనాన్ని గుర్తు చేసినందుకు సంతోషం. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి: 50 లోపు వారిలో ఆ తగ్గుదల కనిపించలేదు, మొత్తం మీద చూసిన తగ్గుదల కూడా గణాంకాల ప్రకారం ఖాయమని చెప్పగలిగినంత పెద్దది కాదు. కానీ వ్యాధి ముదరకముందే బయటపడింది. మామోగ్రాం యంత్రం లేని తాలూకాలో అది చిన్న విషయం కాదు. అమెరికాలో ఇప్పటి సిఫారసు 40 నుంచి 74 ఏళ్ల వరకు రెండేళ్లకొకసారి మామోగ్రాం. దానిని యథాతథంగా గుంటూరు జిల్లాకు తీసుకుపోతే యంత్రాలూ చాలవు, చదివే రేడియాలజిస్టులూ చాలరు. పియోరియా నుంచి తీసుకోవలసింది యంత్రం కాదు, మొదటి పరీక్షకూ రెండో పరీక్షకూ మధ్య మనిషి తప్పిపోకుండా చూసుకునే ఆ పద్ధతి.

శ్రీనివాస్ (న్యూజెర్సీ)

మాధవి గారి చివరి వాక్యంతో ఏకీభవిస్తున్నాను. సుధారాణి గారు రాసిన ఆ పెద్దావిడ గురించి చదివాక మా అన్నయ్యకు ఫోన్ చేశాను. వదిన ఒక్కసారి ఆ నడకకు వెళ్లిందని, సగంలో తిరిగి వచ్చేసిందని చెప్పాడు. వీపు కాగితం మీద ఏమి రాసుకుందో ఆయనకు గుర్తు లేదు. పరిశోధనకు ఎక్కువ పోవాలన్న నా అభిప్రాయం మారలేదు.

కృష్ణవేణి (గుంటూరు)

నాయనా శ్రీనివాస్, మీ అభిప్రాయం మారనక్కర్లేదు. రెండూ కావాలి.

సుధారాణీ, నీ జవాబుతో నా అనుమానం తీరింది. ఇక నా ఆలోచన చెబుతాను. 30 ఏళ్లు దాటినవారికి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు చేయాలని ప్రభుత్వం 2016 నుంచే చెబుతోంది. పరీక్ష చేసే మనిషి ఉంది, వెళ్లే మనిషే లేదు. మా కాలనీ చివర సబ్‌సెంటర్‌కు ఏఎన్ఎం బుధవారం టీకాలకు వస్తుంది. పసివాళ్లను ఎత్తుకుని వచ్చేది ఎక్కువగా నాయనమ్మలు, అమ్మమ్మలు, అంటే సరిగ్గా మనకు కావలసిన వయసువారు. పిల్ల ఏడుపు మానేదాకా అరగంట అక్కడే కూర్చుంటారు. ఆ అరగంటలో నేను పక్కన కూర్చుని, నాకు తగిలిన గడ్డకు నొప్పి లేదన్న సంగతి చెబుతాను. లోపలికి వెళ్లి చూపించుకున్నవారి పేర్లు ఒక పుస్తకంలో రాసుకుంటాను. గుంటూరు పెద్దాసుపత్రికి పంపినవారు వెళ్లారో లేదో మళ్లీ బుధవారం అడుగుతాను. నాతో పాటు చికిత్స తీసుకున్న ఇద్దరు స్నేహితురాళ్లు వస్తామన్నారు. ఆటో ఖర్చులకు మా ముగ్గురి పింఛను నుంచి నెలకు కొంత తీసి పెట్టుకున్నాము.

మీ శాఖవారు పేర్ల పుస్తకంలో ఏయే గడులు గీసుకునేవారో గుర్తుంటే రాయి తల్లీ.

సుధారాణి (పియోరియా, ఇల్లినాయ్)

గుర్తుంది కృష్ణవేణి గారూ. పేరు, వయసు, పరీక్ష తేదీ, ఫలితం చెప్పిన తేదీ, రెండో పరీక్షకు వెళ్లిన తేదీ, వెళ్లకపోతే కారణం. ఈ చివరి గడిని పెద్దదిగా గీయండి, మాకు ఎప్పుడూ చోటు చాలేది కాదు. మీ పుస్తకం ఎవరి చేతిలోనూ పడకుండా తాళం వేసిన పెట్టెలో ఉంచండి, పేర్లు బయటికి పొక్కితే మరుసటి బుధవారం ఎవరూ రారు. ఆటో ఖర్చులో నా వంతు ఈ నెల నుంచే పంపుతాను.